నాలుగో ఓడ తేదీలు

జనవరి 13

ధ్రువ పతకానికి ఎవరి పేరు వాళ్ళు పంపుకోకూడదు. నియమావళిలో మూడో అంశం. ధ్రువ ప్రాంతాల భూగోళశాస్త్రంలోనో, అన్వేషణలోనో ఫలానా మనిషి చేసిన పని గొప్పదని ముగ్గురు ప్రముఖులు విడివిడిగా లేఖలు రాయాలి. మా సంస్థ నడిపే పెద్దాయన గురించి రాయడానికి ముగ్గురు ఒప్పుకున్నారు. ముగ్గురికీ తీరిక లేదు. కాబట్టి మూడు లేఖలూ నేను రాస్తున్నాను. వాళ్ళు సంతకాలు పెడతారు.

"ముగ్గురి గొంతూ ఒకేలా ఉండకూడదు అమ్మాయ్," అన్నారు పెద్దాయన, కిటికీలోంచి బయటికి చూస్తూ. "మొదటాయన పొడుగ్గా మాట్లాడతాడు. రెండో ఆయన పొదుపు. మూడో ఆయనకి కళ్ళనీళ్ళు తొందర."

సరేనండీ అన్నాను. నాలుగేళ్ళుగా ఈ సంస్థలో నేను అందరికంటే ఎక్కువసార్లు అన్న మాట అదే.

ఇరవై ఏడేళ్ళ వయసులో ఆయన దక్షిణ ధ్రువం వైపు వెళ్ళి, ఎడమకాలి వేళ్ళు రెండు మంచుకు ఇచ్చి వచ్చారు. అది మూడో లేఖకు. నలభై ఏళ్ళ బోధన రెండో లేఖకు. మొదటి లేఖకు ఆయన పుస్తకంలోని మంచు గీత.

ఆ గీత గీసింది నేను. ఫర్వాలేదు.

జనవరి 14

ఫర్వాలేదని నిన్న రాశాను. ఫర్వాలేదు.

జనవరి 19

అమ్మకు ఈరోజు సెలవు. కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఇంతకీ నువ్వు చేసేదేమిటే? పక్క వార్డు సిస్టర్ అడిగితే, మా అమ్మాయి మంచు గురించి చూస్తుందన్నాను. మంచు గురించి ఏం చూస్తుందంది. ఏం చెప్పాలో తోచలేదు."

ఒక పళ్ళెం తీసి బల్ల మీద బోర్లించాను. ఇది దక్షిణపు నేల అన్నాను. చుట్టూ సముద్రం. చలికాలంలో ఆ సముద్రం గడ్డ కడుతుంది. గడ్డ అంచు ఎంత దూరం వస్తుందో ఇప్పుడైతే ఆకాశం నుంచి ఫొటోలు తీస్తారు. నూటయాభై ఏళ్ళ కిందట ఎంత దూరం వచ్చేదో తెలియాలంటే అప్పటి ఓడల దినచర్య పుస్తకాలే దిక్కు. తిమింగలాల వేటకు వెళ్ళిన ఆరు ఓడల పుస్తకాలు మా దగ్గరున్నాయి. ఏ రోజు ఎక్కడ మంచు కనిపించిందో వాటిలోంచి ఏరి, పటం మీద చుక్కలు పెట్టి, చుక్కలు కలిపాను. కుట్టుపెట్టెలోంచి దారం తీసి పళ్ళెం చుట్టూ వేసి చూపించాను.

"అంతేనా," అంది అమ్మ.

అంతే కాదు. ఆ ఓడల్లో రోజు మధ్యాహ్నం పన్నెండుకు మొదలవుతుంది. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు చూసి ఓడ ఎక్కడుందో లెక్క కట్టేవారు, అందుకని. పుస్తకంలో అయిదో తేదీ పుట తీస్తే మొదట కనిపించే సాయంత్రం నిజానికి మనకు నాలుగో తేదీ సాయంత్రం. అలాంటి ప్రతి సాయంత్రాన్నీ ఒకరోజు వెనక్కి జరపాలి. జరపకపోతే మంచు ఒకరోజు ప్రయాణమంత పక్కకు పోతుంది. అయిదు వేల పైచిలుకు సాయంత్రాలు జరిపాను.

అమ్మ వెంటనే పట్టుకుంది. నైట్ డ్యూటీ కూడా ఇంతేనట. ఒక తేదీన సంతకం పెట్టి ఎక్కుతారు, ఇంకో తేదీన దిగుతారు. తెల్లవారుజామున చేసిన ఇంజెక్షన్‌కు ఏ తేదీ వెయ్యాలో తెలియక కొత్త పిల్లలు ఏడుస్తారట.

"మరి ఆ గీతలో ఏముందని పతకం?"

నాలుక ఉంది. గుండ్రంగా పోతూ పోతూ ఒకచోట గీత ఉత్తరానికి నాలుక చాపుతుంది. మంచు అంత దూరం వచ్చేదని ఎవరూ అనుకోలేదు. పెద్దాయన పుస్తకం అట్ట మీద ఉన్నది ఆ నాలుకే. ఎక్కడికి వెళ్ళినా ఆయన్ని దాని గురించే అడుగుతారు.

"పుస్తకంలో నీ పేరుందా?"

"ముందుమాటలో 'నా సహాయకులు' అని ఉంది."

"ఎంతమందే మీరు?"

"నేనే."

అమ్మ పళ్ళెం తీసుకుని కడగడానికి వెళ్ళింది. దారం బల్ల మీద అలాగే ఉండిపోయింది.

జనవరి 30

మొదటి లేఖ అయింది. నాలుక గురించి రాసిన పేరా రెండుసార్లు పైకి చదువుకున్నాను. ఇంత మంచి పేరా నేనెప్పుడూ రాయలేదు. దాని కింద ఒక మహామహుడు సంతకం పెడతాడు.

కాన్వెంట్‌లో మాకు వ్యాసం చెప్పిన సిస్టర్ ఒకటే అనేది, నిన్ను నువ్వు పొగుడుకోకు అని. ఇప్పుడు ఇంకొకరి గొంతుతో, ఇంకొకరి పేరు మీద పొగుడుకున్నాను. ఇది ఏ పాపం కిందకి వస్తుందో ఆవిడ చెప్పలేదు.

ఫిబ్రవరి 3

నాలుగో ఓడ పుస్తకానికి వెన్ను విరిగింది. విప్పి మళ్ళీ కుట్టాలి. కుట్టేది బైండర్ బాబాయి. సంస్థలో అందరికీ ఆయన బాబాయే, పెద్దాయనకు తప్ప. విప్పేముందు పుటలు వరుసగా ఉన్నాయో లేదో చూసి, మూలల్లో పెన్సిల్‌తో అంకెలు వెయ్యమన్నాడు.

"తర్వాత అటుదిటు అయితే నన్ననకు తల్లీ. ఆ కోడికెలుకుడు రాత నాకు అంతుపట్టదు. సూది నాది, చూపు నీది."

అప్పుడు నేను ఎత్తిరాసుకున్న శుద్ధప్రతి పక్కన పెట్టుకుని, పుటలు లేవకుండా సీసపు గుళ్ళ సంచులు వేసి, ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళాను. మొదటిసారి ఈ పుస్తకంలో మంచు కోసమే వెతికాను. ఈసారి తొందర లేదు. అన్నీ చదివాను. ఎవడికి పన్ను పీకారు, ఏ పీపా కారింది, ఎవరితో ఎవరు మాటలు మానేశారు.

ఒకచోట ముసలి కెప్టెన్ జబ్బుపడతాడు. అక్కడి నుంచి పదకొండు రోజులు అతని కింది అధికారి, మేటు, పుస్తకం రాశాడు. దస్తూరి మారుతుంది. అప్పట్లో ఆ మార్పు చూసి సంతోషించడం నాకు గుర్తుంది. కొత్త రాత గుండ్రంగా, చదవడానికి హాయిగా ఉంది.

ఆ పదకొండు పుటల్లో ఒకదానిలో తెరచాపలు కుట్టే మనిషి చనిపోయాడు. పదిహేడో తేదీ. తెల్లవారుతుండగా ప్రాణం పోయింది. సాయంత్రం నాలుగింటికి, అతను కుట్టిన గుడ్డలోనే చుట్టి సముద్రంలోకి దించారు. మేటు అయిదు వాక్యాలు రాశాడు. బాగా రాశాడు.

నా శుద్ధప్రతి చూశాను. అందులో సాయంత్రాలన్నీ ఒకరోజు వెనక్కి జరిపి ఉన్నాయి. నా ప్రకారం అతన్ని పదహారున సముద్రంలోకి దించారు. పదిహేడున చనిపోయాడు.

మొదట నవ్వు వచ్చింది.

"ఏమైంది తల్లీ?" అన్నాడు బాబాయి, జిగురు కలుపుతూ. ఏం లేదన్నాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను.

ఫిబ్రవరి 4

మేటు రోజును అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రికి రాశాడు, మనలాగే. పదకొండు పుటల్లోనూ ఉదయం పైన ఉంది, సాయంత్రం కింద ఉంది. కళ్ళెదుటే ఉంది. మూడు ఓడలకు సాయంత్రాలు జరిపిన చెయ్యి నాలుగో ఓడలో ఆ పదకొండు పుటల దగ్గర ఆగలేదు. ఆ పదకొండు రోజులూ ఓడ దక్షిణానికే పోతోంది. సాయంత్రం చూసిన మంచును నేను ముందురోజుకు జరిపేసరికి, పటం మీద అది ఒకరోజు ప్రయాణమంత ఉత్తరానికి వచ్చి కూర్చుంది.

పల్చటి కాగితం పటం మీద పరిచి, పదకొండు చుక్కలూ వాటి వాటి చోట్లలో పెట్టి కలిపాను. నాలుక లేదు. గీత మిగతా చోట్లలాగే బుద్ధిగా గుండ్రంగా పోయింది.

కాగితం నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేశాను. మళ్ళీ తీసి ఎనిమిది చేశాను.

ఫిబ్రవరి 5

ఇంకా రూఢి కాలేదు. రూఢి కానిది చెప్పకూడదు.

ఫిబ్రవరి 7

చెబుదామనే వెళ్ళాను. శుద్ధప్రతి చేతిలో ఉంది, మేటు పుటల్లో చీటీలు పెట్టుకున్నాను. పెద్దాయన మొదటి లేఖ చదువుతున్నారు. కూర్చోమన్నారు. అలా అనడం అరుదు.

"ఈ నాలుక పేరా చదివితే నా మీద నాకే గౌరవం పెరిగింది," అన్నారు.

ఆ పేరాలో ఒకచోట 'ఒక సహాయకురాలి నాలుగేళ్ళ ఓపికతో' అని ఇరికించాను. మొత్తం మీద నాలుగు మాటలు. ఆయన పెన్ను అక్కడ ఆగింది. ఆయన కొట్టివేత కూడా స్కేలు పెట్టినట్టు నిటారుగా ఉంటుంది.

"ఇది ఎందుకు అమ్మాయ్, వాక్యం బరువవుతోంది. పైగా అంతటాయనకి నా సహాయకుల సంగతి ఎలా తెలుస్తుంది?"

నిజమే. అంతటాయనకు ఎలా తెలుస్తుంది.

"ఇంకేమైనా ఉందా?" అన్నారు, నా చేతిలోని కట్ట చూసి.

లేదండీ అన్నాను.

ఫిబ్రవరి 8

సోమవారం చెబుతాను.

ఫిబ్రవరి 27

మూడు సంతకాలూ వచ్చాయి. కవరు నేనే తీసుకెళ్ళి పోస్టాఫీసులో తూకం వేయించి, రసీదు తెచ్చి పెద్దాయన బల్ల మీద పెట్టాను.

సంతకాలకు పంపేముందు నాలుక పేరాకు ఇంకాస్త పదును పెట్టాను. 'సందేహానికి తావులేని' అన్న మాట చేర్చాను. మొదటాయన అలాగే మాట్లాడతాడు కదా.

ఇంత దూరం వచ్చాక ఇప్పుడు చెబితే సంస్థ పరువు పోతుంది. కాస్త సద్దుమణిగాక, సోమవారం చెబుతాను.

మార్చి 3

సోమవారం. ఆయన ఊళ్ళో లేరు.

మార్చి 10

సోమవారం. ఆయన ఉన్నారు.

మార్చి 17

జలుబు. వెళ్ళలేదు.

ఏప్రిల్ 22

పతకం పెద్దాయనకే వచ్చింది. మూడేళ్ళకోసారి, ఒక్కరికి. ప్రకటన బోర్డు మీద అంటించారు. అందులో నాలుక గురించి రెండు వాక్యాలున్నాయి. రెండూ నావే, లేఖలోంచి ఎత్తి పెట్టారు. 'సందేహానికి తావులేని' కూడా ఉంది.

అందరికీ టీ ఇచ్చారు. బైండర్ బాబాయి గ్లాసు పట్టుకుని పటాల గదికి, నా దగ్గరికి వచ్చాడు.

"పతకం ఆయనకి, దుమ్ము మనకి. వెళ్ళి నాకేమీ లేదా అని అడగొచ్చు కదా తల్లీ. నోట్లో నాలుక లేదు నీకు. ఉన్నది కాస్తా పటం మీద పెట్టేశావు."

బాగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన వెళ్ళాక కూడా కాసేపు నవ్వు ఆగలేదు. ఎందుకో ఆయనకు తెలియదు.

ఏప్రిల్ 23

ఎంత ఎత్తుకు ఎక్కితే అంత

ఈ వాక్యం పూర్తి చెయ్యను. నాకు ఎవరి మీదా పగ లేదు. సమయం చూసుకుంటున్నాను, అంతే.

మే 11

సభ ఆహ్వానపత్రిక ఇంటికి తెచ్చాను. నాలుగు పేజీలు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, మందుల చీటీ చదివినట్టు మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివింది. అచ్చువేసిన ప్రెస్ పేరు కూడా చదివింది. మడిచి కవర్లో పెట్టి, "కాగితం మంచిది వేశారు" అంది.

ఆ ముసలాయన ఒక్కసారి, ఒక్కచోట నా పేరు అని ఉంటే ఫిబ్రవరిలోనే చెప్పేదాన్ని. ఇది నిజం. ఇది మాత్రం నిజం.

మే 29

ఈరోజు రెండు వింతలు.

సభలో చదవాల్సిన ఉపన్యాసం ఎప్పుడు రాయమంటారని అడిగితే, "అది నేనే రాసుకుంటాను అమ్మాయ్" అన్నారు. నాలుగేళ్ళలో ఆయన సొంతంగా రాసింది సెలవుచీటీ కూడా లేదు. తేలిక పడాలి. ఎందుకో అవమానంగా ఉంది.

సాయంత్రం పటాల గదికి వచ్చారు. మెట్లు దిగడం ఆ కాలితో కష్టం, అయినా వచ్చారు. నా బల్ల పక్కన నిలబడి నాలుగో ఓడ అట్ట మీద చెయ్యి వేశారు. బాబాయి కొత్త వెన్ను చక్కగా కుట్టాడు.

"ఇందులో తేదీలన్నీ నువ్వే చూశావు కదూ?"

"అవునండీ."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నేనండీ."

తల ఊపి వెళ్ళిపోయారు. ఎవరైనా అడిగితే ఇంత సంతోషంగా ఉంటుందని నాకు తెలియదు.

జూన్ 14

రాత ఎలా వస్తే అలా రానీ.

సభకు అమ్మ వచ్చింది. ఇద్దరం వెనక నుంచి రెండో వరుసలో కూర్చున్నాం. పతకం అరచేతి అంత ఉంది. ఒకవైపు ఓడ, ఇంకోవైపు ఆయన పేరు. ముగ్గురు ప్రముఖులూ వచ్చారు. మొదటాయన నిజంగానే పొడుగ్గా మాట్లాడాడు. నేను రాసిన మాటలు కాగితం చూడకుండా చెప్పాడు. కంఠతా పట్టినట్టున్నాడు, లేదా తనవే అనుకుంటున్నాడు.

తర్వాత పెద్దాయన లేచారు. పోయిన కాలివేళ్ళ గురించి ఒక జోకు వేశారు, అందరూ నవ్వారు. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇలా అన్నారు.

"ఈ పతకం మీద నా పేరు చెక్కారు. కానీ మీరంతా మెచ్చుకునే ఆ నాలుక నాది కాదు. ఆరు ఓడల పుస్తకాల్లో ప్రతి పుటా ఒక అమ్మాయి చదివింది. ప్రతి తేదీ ఆమె చూసింది. ఒక్క తేదీ కూడా నేను ముట్టుకోలేదు."

నా పేరు చెప్పారు. ఇంటిపేరుతో సహా. నాలుగేళ్ళలో ఆయన నోట నా పేరు వినడం అదే మొదలు. ఆయనకు అది తెలుసని కూడా నేననుకోలేదు.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. అమ్మ నా తొడ గిల్లి "లేవవే" అంది. లేచాను. చప్పట్లు కొట్టారు. మొదటాయన కూడా కొట్టాడు. కూర్చున్నాక చూస్తే అమ్మ ఏడుస్తోంది. ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి, ఊరికే ఏడవదు.

నేనేం చేశాను. ఏం చేశాను నేను.

జూన్ 15

ఆయన మంచివారు. నేనే చెడ్డదాన్ని. నాలుగు నెలలు ఆయన కింద గొయ్యి తవ్వుతూ కూర్చున్నాను, ఆయన నన్ను పిలిచి అందరి ముందూ నిలబెట్టారు. ఉదయం నుంచి అమ్మ ఫోన్లో ఎవరెవరికో చెబుతూనే ఉంది. ప్రతిసారీ నా పేరు ఇంటిపేరుతో సహా చెబుతోంది.

రేపు ఆఫీసు తెరవగానే చెబుతాను. ఇది ఆ సోమవారాల్లాంటిది కాదు.

జూన్ 16

చెప్పాను.

నిలబడే చెప్పాను. మేటు, పదకొండు రోజులు, తెరచాపల మనిషి, నాలుక లేకపోవడం. ఆయన మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అయిపోయాక కళ్ళజోడు తీసి, సొరుగు లాగి ఒక కవరు నా ముందు పెట్టారు.

విదేశం నుంచి వచ్చిన ఉత్తరం. రాసినావిడ ఆ మేటు మునిమనవరాలు. మేటు సొంత డైరీ వాళ్ళింట్లో ఉందట. పెద్దాయన పుస్తకం చదివాక సరదాకు పోల్చి చూసిందట. పదకొండు రోజులు వరసగా, మంచు కనిపించిన తేదీ ఒకరోజు తేడాగా ఉంది, కారణం చెప్పగలరా అని చాలా మర్యాదగా అడిగింది. కవరు మీద సంస్థకు అందిన తేదీ ముద్ర ఉంది. మే 28.

నేను ఆ తేదీనే చూస్తూ ఉండిపోయాను. ఆయన మెట్లు దిగి వచ్చింది మే 29న.

"మీకు తెలుసు," అన్నాను.

"తెలుసు."

"తెలిసే నా పేరు చెప్పారు."

"నీకెప్పుడు తెలిసింది?" అన్నారు.

"ఫిబ్రవరి మూడు."

వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్, మే. లేఖలు వెళ్ళింది ఫిబ్రవరి చివర్లో అని ఆయనకూ తట్టింది. ముఖం మారింది.

"అంటే తప్పని తెలిసే ఆ పేరా రాశావా?"

"రాశాక తెలిసింది. తెలిశాక పంపాను."

"నాలుగు నెలలు నేను నిచ్చెన ఎక్కుతుంటే చూస్తూ కూర్చున్నావు."

"మీరు పంతొమ్మిది రోజులండీ."

నేనలా అనగలనని నాకే తెలియదు. గొంతు కూడా పెరగలేదు. ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశారు. నేను ఆయన్ని అలాగే చూసి ఉంటాను. ఇద్దరికీ కోపం రాలేదు. ఎవరికి రావాలో తేలక కాబోలు.

చివరికి ఒక చిన్న సవరణ రాసి పత్రికకు పంపమన్నారు. తేదీల పని నీది కాబట్టి నీ పేరు మీదే వెళ్ళాలి, పతకం సంగతి ఎత్తనక్కర్లేదు అన్నారు.

శనివారం సభలో నన్ను లేపి నిలబెట్టింది ఇందుకు.

జూన్ 18

అమ్మకు చెప్పక తప్పలేదు. మొదట ఆయన్ని తిట్టింది. ఫిబ్రవరి సంగతి చెప్పాను. తిట్టడం ఆపేసింది.

"అంతమందికి చెప్పుకున్నానే," అంది. అంతే. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావని కూడా అనలేదు. ఆ సామెత ఆమె నోట్లో ఎప్పుడూ ఉంటుంది.

డ్యూటీకి వెళ్ళబోతూ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది. "మా వార్డులో తప్పు మందు పడితే మొదట టైము రాయిస్తాం. ఇచ్చిన టైము, తెలిసిన టైము, డాక్టర్‌కి చెప్పిన టైము. ఎందుకు చేశావు, ఏడ్చావా లేదా, అదంతా తర్వాత."

జూన్ 20

రాశాను. ఒక పేజీ కూడా రాలేదు. పొడుగ్గా, పొదుపుగా, కళ్ళనీళ్ళతో, మూడు రకాలుగా రాయగలను. ఇది ఏ రకమూ కాదు.

పదకొండు తేదీలు తప్పు, తప్పు నాది, నాలుక లేదు. అది నాకు ఫిబ్రవరి 3న తెలిసింది. ఆయనకు మే 28న తెలిసింది. ధ్రువ పతకానికి వెళ్ళిన మూడు లేఖలూ నేనే రాశాను, సంతకాలు మాత్రం వారివి. పతకం ఇచ్చింది జూన్ 14న. ఇవన్నీ తెలియజేస్తున్నాను.

ఒక ప్రతి పత్రిక సంపాదకుడికి, ఒకటి పతకం కమిటీకి. పంపేముందు పెద్దాయనకు చూపించాను. చూపించకుండా పంపితే ఫిబ్రవరి మళ్ళీ మొదలైనట్టుంటుంది.

రెండుసార్లు చదివారు. పెన్ను తీశారు, మళ్ళీ పెట్టేశారు.

"ఇది పంపితే నీకిక్కడ కుర్చీ ఉండదు."

"తెలుసండీ."

"నిజాయితీ అనుకుంటున్నావా దీన్ని?"

"కాదండీ."

"మరేమిటి?"

"తేదీలండీ."

కాగితం నాకు ఇచ్చేస్తూ, ఆయన చాలా మెల్లగా ఒకటడిగారు. "మొన్న నేను సభలో నీ పేరెత్తకుండా ఊరుకుని ఉంటే, ఇది రాసేదానివా?"

కాగితం తీసుకుని వచ్చేశాను. దారిలో, పోస్టాఫీసు వరుసలో నిలబడి కూడా ఆలోచించాను. రాసేదాన్ని కాదు. ఆయన పడిపోయేదాకా ఆగి, పడ్డాక పటాల గదిలో కూర్చుని నవ్వుకునేదాన్ని.

కాన్వెంట్‌లో చెప్పారు, తప్పు ఒప్పుకుంటే గుండె తేలికవుతుందని. కవరు డబ్బాలో పడ్డ చప్పుడు వినిపించింది. ఏమీ తేలిక కాలేదు.

జూన్ 23

సోమవారం. పెద్దాయన పిలిచారు.

"నిన్ను ఉద్యోగం నుంచి విడుదల చేస్తూ ఒక ఉత్తరం టైప్ చేసి పెట్టు అమ్మాయ్. సంతకం పెడతాను."

టైప్ చేశాను. 'ఆమె పనితీరు మొత్తం మీద తృప్తికరం' అని రాశాను. 'మొత్తం మీద' ఉంచాలా వద్దా అని ఆలోచించి ఉంచాను. ఆయన దేన్నీ కొట్టెయ్యకుండా సంతకం పెట్టారు.

బైండర్ బాబాయి గేటు దాకా వచ్చాడు. పుస్తకాల సంచి ఆయనే మోశాడు.

జూలై 9

కమిటీ నుంచి జవాబు. పతకం ఒక్క గీతకు ఇచ్చింది కాదని, జీవితకాలపు కృషికి ఇచ్చిందని, కాబట్టి పునరాలోచించే అవసరం కనిపించలేదని. మూడు లేఖల ప్రస్తావన లేదు. ఆ ముగ్గురిలో రెండో ఆయన ఇప్పుడు కమిటీ అధ్యక్షుడు. ఉత్తరం పొదుపుగా ఉంది. ఎవరు రాసిచ్చారో.

జూలై 21

ఉద్యోగానికి మూడు చోట్ల దరఖాస్తు పెట్టాను. ఇంతకుముందు ఏం చేశారని అడిగిన చోట ఏం రాయాలో తెలియక పుస్తకాలు సరిచూశానని రాశాను.

ఆగస్టు 4

పత్రిక వచ్చింది. సవరణ వేశారు. ఎవరిదో వ్యాసం అయిపోయాక పేజీ అడుగున మిగిలిన చోటులో, చిన్న అక్షరాల్లో.

రెండు వాక్యాలు. నాలుగో ఓడకు సంబంధించి పదకొండు తేదీలను ఫలానా ఆమె పొరపాటుగా లెక్కించినందున మంచు గీతలో ఒక భాగాన్ని సవరించుకోవలసిందని మొదటిది. దీనివల్ల గ్రంథకర్త కృషి విలువ ఏమాత్రం తగ్గదని రెండోది.

ఫిబ్రవరి 3 లేదు. మే 28 లేదు. లేఖలు లేవు. స్థలాభావం వల్ల కుదించవలసి వచ్చిందని సంపాదకుడు ఒక చీటీ జతచేశాడు. ఆ సవరణ కింద నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది.

నా పేరు మాత్రం ఇంటిపేరుతో సహా, ఒక్క అచ్చుతప్పు లేకుండా పడింది.